పన్నెండో తారీఖు మబ్బు

తవుడు కొనడంలో రత్నమాణిక్యానికి ఒక పద్ధతి ఉంది. బస్తా మూతి విప్పించి గుప్పెడు తీస్తుంది, పిడికిలి గట్టిగా బిగిస్తుంది, విప్పుతుంది. అరచేతిలో ముద్ద ఇట్టే రాలిపోతే సరుకు పొడిగా ఉన్నట్టు. ముద్ద ముద్దలాగే నిలబడితే తేమ తగిలినట్టు. ఇంక మిల్లు ఓనరు ఎంత తియ్యగా మాట్లాడినా లారీ వెనక్కే. మనుషుల మాటలకీ ఆవిడ ఇదే పద్ధతి వాడుతుంది. విన్నమాటని వెంటనే నమ్మదు, వెంటనే కొట్టిపారెయ్యదు, ఒకసారి నొక్కి చూస్తుంది. పెంటపాడు, తాడేపల్లిగూడెం మిల్లుల తవుడు కొల్లేటి చేపల చెరువులకి ముప్ఫై ఏళ్ళుగా తోలుతోంది. ఇన్నేళ్ళలో నొక్కి చూడకుండా మంచి సరుకు కింద చెలామణీ చేసేసిన మాట ఒక్కటే ఉంది. అది ఇంకొకరిది కాదు, తన మాటే.

ఆ సంగతి ఆవిడ దాదాపు మర్చిపోయింది. ఏసోబు మర్చిపోలేదు.

బుధవారం ఉదయం లారీకి లోడు వేయిస్తూ ఉండగా ఏసోబు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఏడేళ్ళయింది ఆవిడ ఆ మనిషి ముఖం చూసి.

"ఏం ఏసోబూ, దారి తప్పావా? కూర్చో."

"కూర్చోడానికి కాదండి అమ్మగారూ. ఒక్కటి అడిగి పోదామనండి."

"అడుగు. అడిగినదానికి రేటుండదు, ఇచ్చినదానికే."

ఏసోబు నవ్వలేదు. "మీ పై వాటాలో మబ్బుల మేడమ్ గారు ఉంటున్నారంట కదండీ. మీ లారీ డ్రైవరు చెప్పాడు. పాత మబ్బులన్నీ ఆవిడ దగ్గర దాచి ఉంటాయంట. నిజవేనాండీ?"

పై వాటాలో అద్దెకుండే గీతాంజలి ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. ఎండాకాలపు ఉరుముల మీద ఏదో పరిశోధన చేస్తోంది. అద్దె ఒకటో తారీఖున ఠంచనుగా ఇస్తుంది కాబట్టి, ఆ పరిశోధన ఏమిటో రత్నమాణిక్యం ఎప్పుడూ అడగలేదు.

"ఉంటే?"

"ఆ రాత్రి గాలి వచ్చిందో లేదో చూపించాలండి."

ఆ రాత్రి అంటే ఏ రాత్రో ఇద్దరికీ తెలుసు.

ఏడేళ్ళ కిందట మే నెలలో నరసరాజు గారి ముప్ఫై ఎకరాల చెరువులో చేపలు తేలిపోయాయి. శీలావతి, బొచ్చె, ఇంకో పదిహేను రోజుల్లో పట్టుబడికి వచ్చే సరుకు. తెల్లవారేసరికి గట్టుపొడుగునా తెల్లటి పొట్టలు. ఏసోబు ఆ చెరువుకి పదకొండేళ్ళు కాపలా. రాత్రి మూడింటికి పెద్ద గాలి లేచిందనీ, ఉరుములేగానీ చుక్క పడలేదనీ, గాలికి చెరువు అడుగు బురద పైకి లేచి కుళ్ళు వాసన కొట్టిందనీ, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేశాయనీ చెప్పాడు. ఇంజను వేసి కొత్తనీళ్ళు తోడాడట, చాలలేదట. ఫోను కలవలేదట. రాజుగారు ఏడింటికి వచ్చి చూస్తే గట్టు పొడి, ఆకాశం నీలం. అటూ ఇటూ చెరువులు అప్పటికే పట్టుబడి అయిపోయి ఎండగట్టి ఉన్నాయి. సాక్ష్యానికి ఇంకో కాపలావాడు లేడు.

అలాంటప్పుడు అనుమానం రెండు చోట్లకే పోతుంది. కాపలావాడు నిద్రపోయి ఉండాలి, లేదా మేత చెడిపోయి ఉండాలి. కన్నాలు పెట్టిన సంచుల్లో పోసి కర్రలకి కట్టే ఆ మేత రత్నమాణిక్యం తోలిన తవుడు. కబురందుకుని ఆవిడ వెళ్ళేసరికి గట్టు మీద నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఆవిడ ముఖంలోకే చూశారు.

అప్పుడు ఆవిడ ఇలా అంది: "రాత్రంతా మేం డాబా మీదే పడుకున్నామండి, మా తాడేపల్లిగూడెంలో ఆకు కదల్లేదు. ఏలూరులో మా చెల్లెలికి ఫోన్ చేసి అడిగాను, అక్కడా గాలి లేదు. గాలే లేకపోతే బురద ఎలా లేస్తుందండీ? కన్ను మూతపడి ఉంటుంది. చేపలు పోయాక భయమేసి గాలి అల్లి ఉంటాడు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ మాట చెల్లితే తన తవుడు గట్టెక్కుతుందని చెప్పేముందే ఆవిడకి తెలుసు. లాభం ఉన్న మాటని రెండుసార్లు తూచాలి. ఒక్కసారి కూడా తూచలేదు. నిద్రపోయావని రాజుగారూ అనేశారు. ఏసోబు ఆ సాయంత్రమే పాక ఖాళీ చేశాడు.

"ఏడేళ్ళ తర్వాత ఇప్పుడెందుకయ్యా? ఆ ఉద్యోగం మళ్ళీ కావాలా?" అని అడిగింది రత్నమాణిక్యం.

"ఉద్యోగం చేసే ఓపిక అయిపోయిందండి. మా చర్చి సంఘానికి నన్ను పెద్దగా ఉండమంటున్నారు. పాస్టరు గారు మూడోసారి అడిగారు. నేను ఏడేళ్ళుగా ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ముట్టట్లేదండి. వెనకాల కూర్చుని లేచి వచ్చేస్తున్నాను."

"మేం ఏదో అన్నామని నువ్వు మానెయ్యడం ఏంటి?"

"మీరు అన్నందుకు కాదండి." ఏసోబు కవరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు నన్ను అబద్ధికుడన్నారు, ఫరవాలేదు. అందరూ గాలి లేదు, గాలి లేదు అంటుంటే, పోను పోను నాకే అనుమానం పట్టుకుందండి. నిజంగానే నిద్రపోయానేమో, గాలి వచ్చినట్టు కలగన్నానేమో, లేచి ఆ కలే రాశానేమో అని. అబద్ధం ఆడినవాడు ఒప్పుకోవచ్చు, ఆడనివాడు తలెత్తుకోవచ్చు. ఏదో తెలియనివాడు బల్ల దగ్గర ఏమని నిలబడతాడండీ?"

కవరులోంచి అట్ట నలిగిన నోటుబుక్కు తీసి ఆవిడ ముందు పెట్టాడు. చెరువు దగ్గర రాసుకున్న పుస్తకం.

రత్నమాణిక్యం మనసులో తక్కెడ ఎత్తింది. చూడకపోతే పోయేదేమీ లేదు. చూస్తే, గాలి ఉందని తేలితే, పోయేది తన మాట. లేదని తేలితే వచ్చేదీ పెద్దగా ఏం లేదు. బేరం ఎటు చూసినా తనకి గిట్టదు. కానీ వ్యాపారంలో గిట్టుబాటుకి పైన ఒక నియమం ఉంది. సరుకు ఇచ్చినవాడు మళ్ళీ తూచమంటే తూచాలి. కాటా మీద గుడ్డ కప్పేసి రేపు రమ్మన్నవాడి కొట్టుకి ఎల్లుండి ఎవరూ రారు.

"పుస్తకం వదిలి వెళ్ళు. కనుక్కుని ఫోన్ చేస్తాను," అంది.

పుస్తకం చివరి పేజీ తీసింది. పైన తారీఖు, 12-5-18. అట్టడుగున, "3 గం. పెద్ద గాలి. ఉరుము. చేప పైకి." ఆ రెండూ ఒక చీటీ మీద ఎక్కించుకుని, పుస్తకం గల్లా పెట్టెలో పడేసి, మధ్యాహ్నం గీతాంజలి కాలేజీ నుంచి రాగానే మెట్లెక్కింది.

గీతాంజలి చీటీ చూసి, "ఆ ఎండాకాలం నా దగ్గరుందండి పిన్నిగారూ. పదేళ్ళ మార్చి నుంచి జూన్ దాకా దింపి పెట్టుకున్నాను," అని బల్ల మీదున్న అరచేయంత పెట్టె కంప్యూటరుకి తగిలించింది.

"పదేళ్ళ మబ్బులూ ఇందులోనే?"

"మబ్బులూ, మబ్బుల్లేని రోజులు కూడానండి. శాటిలైటు అరగంటకొకసారి ఫొటో తీస్తుంది. రోజుకి నలభై ఎనిమిది. ఎవరడిగినా అడక్కపోయినా."

తెర మీద పైనుంచి కిందికి సన్నటి అక్షరాల వరసలు. ఎంత కిందికి లాగినా అయిపోవట్లేదు. రత్నమాణిక్యానికి ముందు ఏమీ అర్థం కాలేదు. ఒక వరస గీతాంజలి వేలు పెట్టి చదివింది: "ఇదిగోండి, మొదట ఏ శాటిలైటు. తర్వాత తారీఖు, నెల, సంవత్సరం. తర్వాత ఈ నాలుగంకెలు టైము. చివర్లో ఇది ఏ రకం ఫైలు అనేది. అన్నిటికీ ఇదే వరస. ఒక్క అక్షరం అటూ ఇటూ అవదు."

అప్పుడు ఆవిడకి తట్టింది. ఇది బస్తా మీద మార్కా. ఏ మిల్లు, ఏ రోజు ఆడించింది, ఏ రకం. గోడౌనులో పదివేల బస్తాలున్నా, మార్కా ఒకే వరసలో వేసి ఉంటే కళ్ళకి గంతలు కట్టినా కావాల్సినది లాగొచ్చు. మార్కా వెయ్యని సరుకు ఉన్నా లేనట్టే.

"ఇంత పద్ధతిగా మార్కా వేసిన వాడెవడోగానీ మంచి గుమాస్తా," అంది.

"మనిషి కాదండి, అదే వేసుకుంటుంది."

"ఏది కావాలో తెలియకపోతే?"

"తెలిసిన ముక్క కొట్టి, తెలియని చోట నక్షత్రం గుర్తు పెడితే చాలండి. ఆ చోట ఏమున్నా సరేనని అర్థం. మనకి తారీఖు, టైము రెండూ ఉన్నాయి కదా." గీతాంజలి చీటీ చూసింది. "పన్నెండో తారీఖు మూడు గంటలు. తెల్లవారుజామేనా?"

"తెల్లవారుజామే."

"ఈ టైము గ్రీనిచ్‌దండి. మనది వాళ్ళకంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మూడింట్లోంచి అయిదున్నర తీసెయ్యాలి."

"మూడింట్లోంచి అయిదున్నర ఎలా పోతుందండీ?"

"చిన్నప్పటి తీసివేతే. ముందురోజు దగ్గర చేబదులు తేవాలి. అంటే పదకొండో తారీఖు, ఇరవై ఒకటి ముప్ఫై."

కొట్టింది. వేల వరసల్లోంచి ఒక్క వరస మిగిలింది. ఆవలించినంత సేపు కూడా పట్టలేదు. తెరిచింది.

బూడిదరంగు బొమ్మ. పసుపు గీతతో సముద్రపు ఒడ్డు. గోదావరి సముద్రంలో కలిసేచోటు రత్నమాణిక్యం తనే గుర్తుపట్టింది. "రాత్రి మూడింటికి ఫొటో ఎలా వస్తుందండీ? చీకటి కదా?"

"ఇది వెలుతురుతో తీసింది కాదండి, వేడితో. పిల్లాడి నుదురు మీద చెయ్యి వేసి జ్వరం చూస్తాం కదా, అలా భూమి వేడి చూస్తుంది. వేడి నేల నల్లగా కనపడుతుంది. ఎత్తున ఉండే ఉరుము మబ్బు మంచులా చల్లగా ఉంటుంది, అందుకని తెల్లగా."

"ఎంత దూరం నుంచి?"

"ముప్ఫై ఆరువేల కిలోమీటర్లు."

ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల నుంచి నుదుటి మీద చెయ్యి. రత్నమాణిక్యం కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది. తను డాబా మీద పడుకున్న రాత్రులు, పిల్లలు పుట్టిన రాత్రులు, ఎవరూ చూడట్లేదనుకుని చేసిన పనుల రాత్రులు, అన్నిటి మీదా అరగంటకొకసారి ఆ చెయ్యి పడింది, మార్కా వేసి పెట్టింది. అడిగినవాడు లేక ఇన్నాళ్ళూ ఊరుకుంది.

"కొల్లేరు ఇదిగోండి," గీతాంజలి ఒకచోట చుట్టు గీసింది. చుట్టులో నలుపు తప్ప ఏమీ లేదు. ముందు అరగంటది తెరిచింది, తర్వాత అరగంటది తెరిచింది. నలుపే. "శుభ్రమైన ఆకాశమండి. ఈనెపుల్లంత మబ్బు కూడా లేదు."

గెలిచినట్టే. ఏడేళ్ళ కిందట తూచకుండా తను అన్న మాటే ఇప్పుడు ఆకాశం కూడా అంది. రత్నమాణిక్యం కిందికి దిగి ఏసోబుకి ఫోన్ చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతల దూరంగా కోడి అరుపు వినపడింది.

"సరేనండి అమ్మగారూ," అన్నాడు ఏసోబు చివరికి. "అయితే నిద్రపోయానన్నమాటండి. శ్రమ తీసుకున్నారు. ఉంటానండి."

ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. తూకం సరిపోయిందని సంచి భుజాన వేసుకున్నవాడి మాట. రత్నమాణిక్యం ఆ మాటని పిడికిట్లో బిగించి విప్పింది. ముద్ద రాలలేదు. ఆ సాయంత్రమంతా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్న కొల్లేరు వెళ్ళే లారీలో పుస్తకం పంపించేద్దామని బయటికి తీసింది. కాగితంలో చుడుతూ, ఎందుకో చివరి పేజీ మళ్ళీ తెరిచింది. నిన్న పైనున్న తారీఖూ, అడుగునున్న వరసా మాత్రమే చూసింది. మధ్యలోది చదవలేదు.

"ఉ. 6, మేత కట్టాను, 14 సంచులు. 10 గం. నీళ్ళు చూశాను. సా. 5, సంచులు విప్పాను. రా. 9 చూశాను. 12 చూశాను. 3 గం. పెద్ద గాలి. ఉరుము. చేప పైకి."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పుస్తకంలో కింది వరస పై వరస కంటే ముందు జరగదు. అది ఏ కొట్లోనైనా చట్టమే. ఈ మూడు గంటలు ఉదయం ఆరు తర్వాత, సాయంత్రం అయిదు తర్వాత, అర్ధరాత్రి పన్నెండు తర్వాత వచ్చిన మూడు గంటలు. పన్నెండో తారీఖు మొదలవగానే వచ్చిన మూడు కాదు, పన్నెండో తారీఖు ముగిసే మూడు.

గబగబా వెనక పేజీలు తిప్పింది. ప్రతి పేజీ ఉదయం ఆరింటి మేతతో మొదలు. ప్రతి పేజీ "3 చూశాను"తో ముగింపు. చెరువు గట్టున రోజు మేతతో పుడుతుంది. మళ్ళీ మేత కట్టేదాకా అది ఒకే రోజు. తన లారీల వే బిల్లుల్లో తారీఖు అర్ధరాత్రి మారుతుంది. కొల్లేటి గట్ల మీద అలా మారదని ముప్ఫై ఏళ్ళు ఆ గట్ల మీదే తిరిగిన మనిషికి తట్టలేదు. పన్నెండు, మూడు అని చీటీ మీద రాసింది తనే. తప్పు మార్కా చెప్పి, తప్పు బస్తా తెప్పించి, సరుకు లేదని తీర్పు చెప్పింది.

ఇంకొకటి కూడా చూసింది. "3 చూశాను." "3 చూశాను." "3 చూశాను." నెలలకి నెలలు. నిద్రపోయేవాడు రాసే పుస్తకం కాదది.

ఫోన్ తీసింది. "ఏసోబూ, ఒక్కటి చెప్పు. చేపలు తేలింది ఏ వారం?"

"ఆదివారం పొద్దున్నండి. ఆ ఆరాధనకి వెళ్ళలేకపోయాను. అప్పట్నుంచే కదండీ..."

"ఉండు, మళ్ళీ చేస్తాను."

గీతాంజలి కాలేజీకి క్యారేజీ సర్దుకుంటోంది. రత్నమాణిక్యం పుస్తకం ఆమె ముందు పరిచి, ఆయాసపడుతూ వరసలు చూపించింది. గీతాంజలి ఫోనులో ఆ ఏటి క్యాలెండరు తెరిచింది. పన్నెండు శనివారం. పదమూడు ఆదివారం.

"అయ్యో పిన్నిగారూ! అయితే అది పదమూడో తారీఖు మూడు గంటలు. అయిదున్నర తీసేస్తే..." ఆమె లెక్క సగంలో ఆగింది. "పన్నెండు. ఇరవై ఒకటి ముప్ఫై. ఫైలు పేరులో పన్నెండే ఉంటుంది."

"ఏసోబు పుస్తకంలోనూ పన్నెండే ఉంది."

"అవును. అసలు మనం రోజు తగ్గించకుండా ఉండాల్సింది." గీతాంజలి క్యారేజీ పక్కన పెట్టి కుర్చీలో కూర్చుండిపోయింది. "ఇన్నేళ్ళుగా ఈ ఫైళ్ళతోనే ఉన్నాను, ఇది నాకెప్పుడూ తట్టలేదండి. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మనకి పొద్దున్న అయిదున్నర. శాటిలైటు ఫైలు పేరులో తారీఖు మారేది మనకి తెల్లవారినప్పుడే."

రత్నమాణిక్యం పుస్తకం దగ్గరికి లాక్కుంది. ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున ఒకడు, చెరువు గట్టున లాంతరు పెట్టుకుని ఒకడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ రాత్రంతా మేలుకుని వేళ తప్పకుండా చూశాననే రాసుకున్నారు. ఇద్దరూ తెల్లవారితేగానీ పేజీ తిప్పలేదు.

గీతాంజలి అప్పటికే పేరు కొట్టేసింది. ఒక్క వరస మిగిలింది. తెరవబోయింది.

"ఆగండి, తెరవకండి!" అంది రత్నమాణిక్యం.

"ఏమండీ?"

"ఇంకా ఏముందో మనకి తెలీదు కదా. ఒకసారి వాడు లేకుండా తూచి నష్టం చేశాను. ఈసారి సరుకుగలవాడి కళ్ళ ముందే కాటా ఎక్కాలి."

"మళ్ళీ ఏమీ లేకపోతే పాపం ఆయన ఎదురుగా..."

"లేకపోతే లేదని వాడే చూస్తాడు. నా నోటితో రెండోసారి చెప్పను."

సాయంత్రం నాలుగున్నరకి ఏసోబు బస్సు దిగి వచ్చాడు. రత్నమాణిక్యం తనే తీసుకెళ్ళి గీతాంజలి గదిలో కంప్యూటరు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఏసోబు కుర్చీ అంచు మీద కూర్చుని, తాకకూడని వస్తువేదో ఎదురుగా ఉన్నట్టు చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ముందు నువ్వు చెప్పు. తర్వాత మేడమ్ గారు తెరుస్తారు. రెండున్నరకి ఏముంది?" అంది రత్నమాణిక్యం.

ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. "రెండున్నరకి ఏం లేదండి. ఉడకపోత. నీళ్ళు నూనెలా ఉన్నాయి. చింతలపూడి వైపు ఆకాశంలో మెరుపులు, చప్పుడు లేదు. వాన అటు పడుతుందిలే, మనకి రాదు అనుకున్నాను."

గీతాంజలి రెండున్నర గంటల ఫైలు తెరిచింది. నల్లటి నేల. వాయవ్యంగా, మెట్ట మీద, చింతలపూడి ఉండేచోట, బియ్యపు గింజంత తెలుపు.

గీతాంజలి ఆ గింజ మీద వేలు పెట్టింది.

"మూడింటికి?" అని అడిగింది రత్నమాణిక్యం.

"మూడింటికి నా నెత్తి మీదండి. కొండ నిలబడ్డట్టు నిలబడింది. ఏలూరు వైపు చుక్కలు కనపడుతూనే ఉన్నాయి. ఎవరో చెరువుని గరిటెతో తిప్పినట్టు..."

గీతాంజలి తెరిచింది. గింజ పువ్వయింది. తెల్లటి గుండ్రటి పువ్వు, సరిగ్గా నిన్న గీసిన చుట్టులో. చుట్టు బయట ఏలూరు నలుపు, తాడేపల్లిగూడెం నలుపు. డాబా మీద ఆకు కదలకుండా పడుకున్నవాళ్ళ ఊరు అది. గూడెంలో గాలి లేదన్న మాట నిజమే. కొల్లేటి మీద గాలి ఉందన్న మాటా నిజమే. తన ఊళ్ళో తూచి వాడి ఊళ్ళో సరుకు లేదంది రత్నమాణిక్యం.

ఏసోబు కళ్ళు తెరవలేదు. చెప్పుకుపోతున్నాడు. "మూడున్నరకి కైకలూరు మీదుగా సముద్రం వైపు జరిగిపోయిందండి. గాలి వెనక్కి తిరిగింది. నేను ఇంజను దగ్గర ఉన్నాను. నాలుగింటికి పీలికలు పీలికలైపోయింది. చుక్కలొచ్చేశాయి. చుక్కల వెలుతుర్లో పొట్టలు కనపడ్డాయండి."

గీతాంజలి ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తోంది. మాట ముందు, బొమ్మ వెనక. పువ్వు ఆగ్నేయానికి జరిగింది. పీలికలైంది. ఈ మనిషి ఏడేళ్ళుగా కలేమో అనుకుని అనుమానించిన రాత్రి, అరగంట అరగంట లెక్కన, ఒక్క గింజ తేడా లేకుండా తెర మీదికి వస్తోంది.

"కళ్ళు తెరువు ఏసోబూ," అంది రత్నమాణిక్యం.

గీతాంజలి వెనక్కి వెళ్ళి మూడు గంటల బొమ్మ పెట్టింది. ఏసోబు చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇందులో మా చెరువు ఏదండీ?"

"చెరువు విడిగా కనపడదండి. ఒక్కో గడి నాలుగు కిలోమీటర్లు. మీ చెరువు ఈ గడిలో ఉంటుంది," గీతాంజలి చూపించింది.

"అయితే నేనూ ఆ గడిలోనే ఉన్నానన్నమాటండి. మెలకువగా."

"మెలకువగానే ఉన్నారండి."

ఏసోబు రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "స్తోత్రం," అన్నాడు మెల్లగా. గీతాంజలి మంచినీళ్ళకి లేస్తూ, ఫైళ్ళు వాటంతటవే వరసగా నడిచేలా పెట్టి వెళ్ళింది. పువ్వు మళ్ళీ గింజగా మొదలై నెమ్మదిగా విచ్చుకోసాగింది.

రత్నమాణిక్యానికి ఇంకొక పని ఉంది. ఆ పని ఎంతకి పడుతుందో లెక్క కట్టుకుంది. రాజుగారు ఇప్పటికీ తన దగ్గర తవుడు కొనే పెద్ద ఖాతా. లెక్క కట్టుకునే నంబరు నొక్కింది, ఏసోబు వినేలా స్పీకరు పెట్టింది.

"ఏవండోయ్ రత్నమాణిక్యం గారూ! లోడు రేపన్నారు, ఇంకా ఇవాళే కదండీ, ఏంటి తొందర?"

"లోడు సంగతి కాదండి రాజుగారూ. ఏడేళ్ళ కిందట మీ గట్టు మీద నేనొక మాటన్నాను. గాలి లేదని, ఏసోబు నిద్రపోయాడని. ఆ మాట తప్పండి."

"ఆ చేపల సంగతా? ముళ్ళు కూడా మట్టైపోయాయి కదండీ, ఇప్పుడెందుకు?"

"మాట మట్టైపోలేదండి. ఆ రాత్రి మూడింటికి మీ చెరువు మీద గాలి మబ్బు ఉంది. శాటిలైటు ఫొటో నా కళ్ళ ముందుంది. మనకి తెలీకుండా పైన ఇంకో కాపలా ఉన్నాడండి. వాడి పుస్తకం, ఏసోబు పుస్తకం ఒక్కలాగే ఉన్నాయి."

రాజుగారు సన్నగా నవ్వారు. "అయితే మీ తవుడు మాటేంటండీ మరి? ఏసోబు మంచివాడైతే, మీ సరుకుని అనుమానించాలి కదా?"

"అనుమానించండి. గాలి చాలదనుకుంటే రేపటి లోడు పరీక్షకి పంపండి, నచ్చకపోతే దింపుకోకండి. ఏసోబు మాత్రం నిద్రపోలేదు. అది నేను ఎక్కడ చెప్పమంటే అక్కడ చెపుతాను."

"ఏసోబు ఉన్నాడా అక్కడ?"

ఏసోబు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఉన్నానండి రాజుగారూ."

"ఏమయ్యా... ఇంతకాలం... ఏం కావాలో అడుగు. మొహమాటపడకు."

"ఏమీ వద్దండి. నేను నిద్రపోలేదని మీ నోటితో ఒక్కసారి అనండి చాలు. ఆ గట్టు మీద నిద్రపోయావు అన్నది మీ నోరే కదండీ."

ఫోనులో గాలి చప్పుడు. ఎక్కడో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు. రాజుగారు చెరువు దగ్గరే ఉన్నట్టున్నారు.

"నిద్రపోలేదు ఏసోబూ," అన్నారు. గొంతు తగ్గించి, మళ్ళీ అన్నారు. "నువ్వు నిద్రపోలేదు."

ఏసోబు తల ఊపాడు, ఫోనుకి కనపడదని కూడా చూసుకోకుండా. తెర మీద మబ్బు పీలికలు సముద్రం దాటిపోయాయి. ఇరవై మూడు గంటలు, ఇరవై మూడు ముప్ఫై. ఫైలు పేరులో గంటలన్నీ సున్నాలయ్యాయి, పన్నెండు పోయి పదమూడు వచ్చింది. కొల్లేటి మీద తెల్లవారింది.